పత్రికను పత్రికగా చదువుదాం

ఆటోల వెనక అద్దాల మీద, చర్చి క్యాలెండర్ల మీద తరచూ కనిపించే వాక్యాల్లో ఫిలిప్పీయులకు 4:13 ఒకటి: ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను.’ తలచుకుంటే ఏదైనా సాధిస్తానన్న ధీమాగా దాన్ని తీసుకుంటాం. కానీ దాని పై వచనంలో పౌలు మాట్లాడుతున్నది ఆకలి గురించి. కడుపు నిండినా మాడినా, కలిగినా లేకపోయినా బతకడం నేర్చుకున్నానంటాడు. అప్పుడతను సంకెళ్లలో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత సాయం పంపింది, తెచ్చినవాడు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు. అందిందని చెబుతూ రాసిన జవాబులోది ఆ మాట. వానలు లేక సుగ్గికి (కూలి పనుల వలసకు) పోయే కర్నూలు జిల్లా కోడుమూరు వైపు పల్లెలకు గెలుపు నినాదం కన్నా ఈ అర్థమే దగ్గరిదని నా నమ్మకం.

పౌలు రాసిన ఇలాంటివాటిని తెలుగు బైబిలు పత్రికలంటుంది, అంటే ఉత్తరాలు. మన పాత ఉత్తరాల్లో ‘ఉభయ కుశలోపరి’ అయ్యాకే అసలు సంగతి. పౌలు కూడా తన పేరు, అవతలివారి పేరు, దీవెన, దేవునికి కృతజ్ఞత చెప్పాకే విషయానికి వస్తాడు. గలతీయులకు రాసినప్పుడు మాత్రం ఆ కృతజ్ఞత లేదు, నేరుగా మందలింపే. కుశలం అడగని ఉత్తరం అందుకున్నవారికి ఆ కోపం వేరే చెప్పాలా? వచనాలుగా ముక్కలు చేస్తే ఇది కనబడదు. నేటి వచన సంఖ్యలు కూడా పౌలువి కావు, 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి.

పండితుల చదువు విశ్వాసాన్ని చెడగొడుతుందని కొందరి భయం. పౌలు పేరుతో ఉన్న 13 పత్రికల్లో ఏడింటిపైనే అందరికీ ఏకాభిప్రాయం ఉందన్న మాట నిజమే. అయితే రాసిందెవరన్న ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. హెబ్రీ పత్రిక గురించి మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిగెన్ అడిగాడు, అతనేమీ అవిశ్వాసి కాదు. ఫిలిప్పీ పత్రికే రెండు మూడు ఉత్తరాల కూర్పని కొందరంటారు కదా, మొత్తంగా చదవడమెందుకని ఇంకో ప్రశ్న. మూడో అధ్యాయంలో గొంతు ఒక్కసారిగా గరుకెక్కుతుంది, వారి అనుమానం అక్కడిదే. ఆ అతుకు ఉందో లేదో తేల్చుకోవాలన్నా మొదటినుంచి చదవాల్సిందే. వేళ చాలదనడం కూడా సరికాదు, ఉత్తరాన్ని అందరి ముందూ చదవడం ఆనాటినుంచీ ఉన్నదే. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికను సహోదరులందరికీ చదివి వినిపించమని పౌలే ఒట్టు పెట్టాడు. చదువు రానివాళ్లు కూడా విన్నారు.

పాస్టరుగార్లకు నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం ప్రసంగానికి ముందు ఫిలిప్పీ పత్రికను ఆపకుండా చదివించండి. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు, పావుగంట.