జాయిన్ రాసే పనితనం

క్వెరీ రాసిన మనిషి ఎంతటి పనిమంతుడో జాయిన్ దగ్గర తెలిసిపోతుంది. పాత పద్ధతిలో ఫ్రమ్ తర్వాత టేబుళ్లన్నీ కామాలతో వరసగా పేర్చి, కలిపే షరతులను వేర్‌లో పడేసేవారు. రెండు టేబుళ్లయితే ఫర్వాలేదు. ఏడెనిమిదైతే, ఏదో ఒక షరతు మరిచిపోవడం ఎంతసేపు? వెయ్యి మంది కస్టమర్లు, వెయ్యి ఆర్డర్లు కలిసి పది లక్షల వరసలై కూర్చుంటాయి. ఒరాకిల్‌లో అవుటర్ జాయిన్‌కి కాలమ్ పక్కన బ్రాకెట్లలో ప్లస్ గుర్తు పెట్టేవారు. ఏ వైపు పెట్టాలో ఇప్పటికీ తడుముకునేవాళ్లున్నారు.

1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణం జాయిన్, ఆన్‌లతో ఈ గజిబిజిని విడదీసింది: కలిపేది ఆన్‌లో, వడపోసేది వేర్‌లో. ఒరాకిల్ 9ఐ నుంచి ఈ దారికి వచ్చింది.

అసలు నేర్పు లెఫ్ట్ జాయిన్‌లో ఉంది. కస్టమర్లందరూ జాబితాలో ఉండాలి, ఆర్డర్లు మాత్రం ఈ ఏడాదివే కావాలి. తేదీ షరతు వేర్‌లో రాశారో, ఆర్డర్ లేనివాళ్లంతా మాయం. వాళ్ల తేదీ నల్ కదా, షరతు దాటదు. అదే షరతును ఆన్‌లోకి జరిపితే అందరూ నిలుస్తారు. ఒక్క లైను చోటు మారింది, అంతే! చేయి తిరిగినవాళ్లు ఇది ఆలోచించకుండానే చేసేస్తారు, చూడ్డానికి ముచ్చటేస్తుంది.

నేచురల్ జాయిన్ పొట్టిగా, అందంగా ఉంటుంది గానీ నేనైతే దాని జోలికి పోను. రేపెవరో రెండు టేబుళ్లలోనూ రిమార్క్స్ అనే కాలమ్ చేర్చారంటే, చడీచప్పుడు లేకుండా దానిమీద కూడా కలిపేస్తుంది.