చుట్టపు చూపు

వేసవి సెలవులు, తాతగారి ఊరు, ఇంటి ముందరి చెరువు: వీనిని ఆధారము చేసికొని తెలుగున వెలువడిన కథలకు కొదవ లేదు. ప్రవాసాంధ్రులకివి మరింత ప్రియమైనవి. 1959లో తొలి కొలిమి రాజుకొన్న నాటినుండి భిలాయి ఉక్కు కర్మాగారమును నమ్ముకొని సుపేలా పరిసరములలో నిలిచిపోయిన తెలుగు కుటుంబములు పెక్కు. అచ్చటి బాలుడు ఏడాది పొడుగునా ఎరిగిన వన్యమృగము మైత్రీబాగులోని తెల్లపులి. అది ఊచల వెనుక నుండును. వేసవిలో తాతగారింటికి పోయినచో నీరుకట్టె పాము స్నానాలగదిలోనికే వచ్చును. ఇంతటి తారతమ్యము కథకునకు దొరకిన పెన్నిధి. అయినను మన కథలలో కొంగ తెల్లదనమునకు, పాము భయమునకు ఉపమానములై వచ్చి పోవుచున్నవి. ఆ కొంగ ఏమి తినును, ఏ చెట్టుపై కాపురముండును, దాని రెట్ట పెరటిలో పడినపుడు ఇల్లాలు ఏమని గొణుగుకొనును? ఈ సంగతులు కథకునకు పట్టవు. ఇది అతిథి దృష్టి. నెల తిరుగక మునుపే రైలెక్కువాని దృష్టి.

దండి దశకుమారచరితమునందలి మంత్రగుప్తుని కథను స్మరింపుడు. కళింగరాజు వసంతకాలమున సకుటుంబముగా సముద్రతీరమున విడిది చేయగా, ఆంధ్రరాజు నావలపై వచ్చి వారిని చెరపట్టును. పిమ్మట కథ నీటిపక్షులతో నిండిన ఒక మహాసరస్సు గట్టునకు చేరును. అది మన కొల్లేరేయని పలువురి అభిప్రాయము. పక్షులు అందు అలంకారమే, కాదనలేము. కాని సరస్సు కథను నడుపును. స్నానమునకు దిగిన రాజు అందులోనే ప్రాణము విడుచును. 13వ శతాబ్దిలో కేతన ఈ గ్రంథమును తెనిగించి తిక్కనకంకితమిచ్చెను. మంత్రగుప్తుని పెదవి గాయపడుటచే మూలకథలో ఓష్ఠ్యాక్షరములు లేవను చమత్కారమును మనము తరతరములుగా మెచ్చుకొంటిమి గాని, సరస్సును మరచితిమి.

ఆ మరపు చిన్నది కాదు. 1946లో కొల్లేటికి చేరువనున్న ఆరేడు గ్రామమున, జనుల ఇండ్ల నడుమ, చెట్లపై గూడబాతులు వందలుగా గూళ్లు కట్టియుండుట చూచి లోకమునకు తెలిపినవాడు కె. కె. నీలకంఠన్. మలయాళమున ఇందుచూడన్ పేరిట పక్షులనుగూర్చి గ్రంథము వ్రాసినవారాయనయే. ఆ ఊరివారి పొరుగు కాపురమును మన కథకులలో ఎవరు పట్టించుకొనిరి? 1970వ దశకమునాటికి ఆ గూళ్లు ఖాళీ అయినవి. పిదప చేపల చెరువులు సరస్సును కబళించినవి. 1999లో అభయారణ్యముగా ప్రకటించుటయు, 2006లో చెరువుల గట్లను పగులగొట్టుటయు వార్తాపత్రికల కథ.

ఈ లోటును కొంతవరకు తీర్చినది అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు'. గతముపై మమకారము అచ్చటచ్చట పాలు మించినను, అందు కొల్లేరు విహారస్థలము కాదు, బ్రతుకుతెరువు. నీరు తగ్గిన నేలలో సాగు, నీరు పెరిగినపుడు చేపలు, పక్షులు, పడవలు: అన్నియు ఒకే కుటుంబపు లెక్కలోనివి. వసంత కన్నబిరాన్ దీనిని ఆంగ్లీకరించిరి.

నేడు ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. ఉక్కు పోతపోయు ఊరినుండి వచ్చిన పిల్లవాడు ఆ మంచెలను చూచి తాతగారిని ఏమడుగునో, ఆ కథ సుపేలానుండి ఇంకను రావలసియున్నది.