చదువుకునే గదిలో బొమ్మలు

గ్యాలరీకి వెళ్ళేవాళ్ళు బొమ్మలు చూడాలనుకునే వెళతారు. లైబ్రరీకి వచ్చేవాళ్ళు అలా కాదు. ఒకరు పేపరు కోసం, ఒకరు గ్రూప్స్ పరీక్షల కోసం, మరొకరు మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి వస్తారు. బొమ్మ వాళ్ళ కళ్ళబడేది తల ఎత్తినప్పుడే. రోజూ అదే కుర్చీలో కూర్చునే పెద్దాయన ఒకే బొమ్మను నెల పొడుగునా చూస్తాడు. చిత్రకారుడికి అంతకంటే గట్టి పరీక్ష లేదని నా నమ్మకం.

తణుకు, తాడేపల్లిగూడెం బజార్లలో ఒకప్పుడు ప్రతి దుకాణం బోర్డు కిందా ఓ మూల 'ఫలానా ఆర్ట్స్' అని సంతకం ఉండేది. ఫ్లెక్సీ వచ్చాక ఆ సంతకాలు పోయాయి, ఆ చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి. ఒత్తూ గుడీ బిగువుగా తీర్చిన ఆ ఆర్టిస్టులు కొల్లేటి కొంగల్నీ వరికోతల్నీ ఎంత బాగా వేస్తారో వాళ్ళ ఇంట్లోవాళ్ళకే తెలుసు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి బడుల్లో చేరిన మాస్టార్ల దగ్గరా మంచాల కింద అట్టలు కట్టలుగా ఉంటాయి. వాటికి గోడ కావాలి.

గోదావరి దాటితే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలకు అలాంటి గోడ ఉంది. ఆయన బొంబాయిలో చదువుకుని వచ్చి అక్కడ చిత్రకళా సమితి పెట్టారు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన బొమ్మలు చెదిరిపోకుండా మనకు మిగిలాయంటే భార్య సత్యవాణి, వరదా వెంకటరత్నం లాంటి మిత్రులు కాపాడబట్టే. ఊరికో దామెర్ల పుట్టకపోయినా ఊరికో లైబ్రరీ ఉంది కదా! 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం పుస్తకాల్ని పడవకెక్కించి కాలువ గట్టు ఊళ్ళకు పంపారు. చదివేవాడి దగ్గరకే పుస్తకం వెళ్ళాలన్నది ఆ ఉద్యమం పట్టుదల. బొమ్మకూ ఆ మర్యాద దక్కాలని నేనంటాను. అమెరికాలో చిన్న ఊళ్ళ లైబ్రరీలు సైతం స్థానిక చిత్రకారులకు వంతులవారీగా గోడ ఇవ్వడం మామూలే. మన ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పడుతోంది. బోర్డులు రాసిన ఆర్టిస్టూ ఆ పైసలు కట్టినవాడే.

గోడ దొరికితే చాలదు, తగిలించడం తెలియాలి. నేను నీటిరంగులు వేస్తాను, అందుకే ఇది నాకు మరీ పట్టింపు. గ్యాలరీలో జనం నిలబడి చూస్తారు, లైబ్రరీలో కూర్చుని చూస్తారు. కాబట్టి బొమ్మను ఓ జానెడు కిందికి దించాలి. ట్యూబులైటు అద్దంలో మెరిసి బొమ్మను మింగేస్తుంది. ఫ్రేము పైఅంచు కాస్త ముందుకు వాలేలా తాడు కడితే ఆ మెరుపు తప్పుతుంది. మన డెల్టా గోడలు వానాకాలం చెమ్మ పీలుస్తాయి. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న చెక్కముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది, కాగితానికి బూజు పట్టదు. పడమటి కిటికీకి ఎదురుగోడ మాత్రం వద్దు, రంగులు వెలిసిపోతాయి. కింద చీటీ మీద పేరు, ఊరు, ఏ రంగులతో వేశారో రాయాలి. ఊరు తప్పకుండా రాయాలి. కైకలూరు అని చదవగానే ఆ ఊరి అబ్బాయి కుర్చీలోంచి లేస్తాడు.

నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు చిత్రలేఖనం పోటీలు పెడతారు. బహుమతులిస్తారు, ఫొటో తీస్తారు, బొమ్మల్ని బీరువాలో పెట్టేస్తారు. ఈసారి 21వ తారీఖున వాటిని గోడకు తగిలించండి. పక్కన ఊళ్ళోని ఒక పెద్ద ఆర్టిస్టు బొమ్మా ఉండనివ్వండి. మేకులు, తాడు, చెక్కముక్కలు నేను తెస్తాను.