వాకిట్లో గుమ్మడి, కప్పులో దయ్యం

కర్నూలులో కొత్త ఇల్లు కట్టినవాళ్ళు వాకిలికి బూడిద గుమ్మడికాయ కట్టకుండా ఊరుకోరు. కడపలో అంగడి తెరిచినా అంతే. కాయకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉట్టిలో వేలాడదీస్తారు. కొందరు దానిమీదే గుడ్లురిమే కళ్ళు, కోరమీసం, వెళ్ళబెట్టిన నాలుక రాయిస్తారు. వచ్చిపోయేవాళ్ళ చూపు ఇంటిమీద పడేలోపు తనమీదికి లాక్కోవడం దాని పని. అమెరికాలో అక్టోబరు నెలాఖరుకు గడపల ముందు కూర్చునే గుమ్మడికాయదీ ఇంచుమించు అదే కొలువు. ఐర్లండు, స్కాట్లండు పల్లెల్లో మొదట టర్నిప్ దుంపలు తొలిచి ముఖాలు చేసేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో వలసపోయినవాళ్ళకు కొత్త దేశంలో గుమ్మడి దొరికింది. దుంపకన్నా పెద్దది, తొలచడానికి సులువు.

అక్కడ ముఖాన్ని కత్తితో కోస్తారు, ఇక్కడ రంగుతో రాస్తారు. అక్కడి కాయ లోపల దీపం పెడితే, ఇక్కడ దిష్టి తీసేటప్పుడు కాయ నెత్తిన కర్పూరం వెలిగిస్తారు. కోసిన కాయ వారం పదిరోజుల్లో కుళ్ళిపోతుంది. మన బూడిద గుమ్మడి ఒంటినిండా ఉన్న మైనపు పొర పుణ్యమా అని నెలల తరబడి నిలుస్తుంది. అయితే ఇద్దరికీ లోపల ఏదో దాచే అలవాటుంది. ఐర్లండులో హాలోవీన్ నాటి ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరం పెట్టి కాలుస్తారు, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకు ఆ ఏడు పెళ్ళి. ఇక్కడ దసరా నాడు అంగళ్ళ ముందు, లారీల ముందు పగిలే కాయలో రూపాయి బిళ్ళలుంటాయి. పెళ్ళి సంగతి ఎవరికీ పట్టదు, పిల్లకాయలు బిళ్ళల కోసం పరిగెత్తుతారు.

పోలిక ఇంతటితో ఆగితే పెద్ద విశేషమేమీ లేదు. దయ్యం ముఖం గడప దాటి వంటింట్లోకి వచ్చినప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

కప్‌కేక్ వయసు రెండు శతాబ్దాల పైచిలుకు. చిన్న కప్పుల్లో కాల్చే కేకు 1796లో అమీలియా సిమన్స్ అచ్చువేసిన అమెరికన్ వంట పుస్తకంలో ఉంది. ఆ పేరుతోనే వంటకం 1828లో ఎలైజా లెస్లీ పుస్తకంలో కనిపిస్తుంది. కొలత కూడా కప్పులతోనే అయ్యాక లెక్క నోటికి వచ్చేసింది: వెన్న ఒకటి, చక్కెర రెండు, మైదా మూడు, గుడ్లు నాలుగు. కాగితం గిన్నెల్లో మూడింట రెండు వంతులు పోసి, 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాలిస్తే అయిపోయింది. ఓవెన్ లేని ఇళ్ళలో కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి కాల్చడం మనవాళ్ళు కనిపెట్టుకున్న దారి. హాలోవీన్ వేషం దానిపైన వేస్తారు. తెల్ల క్రీమును గుండ్రంగా పైకి పిండి రెండు చాక్లెట్ చుక్కలు పెడితే దయ్యం. పట్టీల్లాగా అడ్డదిడ్డంగా పిండితే ఈజిప్టు మమ్మీ. కరిగిన చాక్లెట్‌తో వలయాలు గీసి, పంటిపుల్లతో నడిమి నుంచి అంచుకు లాగితే సాలెగూడు. బోర్బన్ బిస్కెట్ల పొడి చల్లితే శ్మశానంలో మట్టి, అందులో ఒక మారీ బిస్కెట్ గుచ్చితే సమాధి రాయి.

ఇప్పుడు రెండో పళ్ళెం చూద్దాం. దీన్ని సీమ పాఠకుడికి నేను పరిచయం చేయనక్కరలేదు. పెద్దల అమావాస్య నాడు వడలు, పాయసం, బక్ష్యాలు చేసి, కొత్తబట్టలు పెట్టి, పోయినవాళ్ళను తలుచుకుంటాం. మాంసం తినే ఇళ్ళలో తాతకు ఇష్టమైన కూర ఉంటుంది, ఒక్కోచోట సీసా ఉంటుంది, బీడీకట్టా ఉంటుంది. వడ్డించేది చనిపోయినవాళ్ళకే అయినా ఆ ఆకులో చావు గుర్తు ఒక్కటీ కనపడదు. వడకు కళ్ళు పెట్టరు, బక్ష్యం మీద పుర్రె గీయరు. పోయినాయన బతికుండగా ఎలా తిన్నాడో అలాగే వడ్డిస్తారు.

అంటే సీమ ఇంట్లో పనులు రెండుగా విడిపోయాయి. భయపెట్టే ముఖం వాకిట్లో ఉంటుంది, దాన్ని ఎవరూ తినరు. చనిపోయినవాళ్ళ తిండి ఇంట్లో ఉంటుంది, దానికి ముఖం ఉండదు. బూడిద గుమ్మడికాయే ఈ విభజనకు సాక్షి. మిద్దెమీద వడియాలై ఎండేదీ అదే జాతి కాయ, కానీ బొట్టు పెట్టించుకుని వాకిలెక్కిన కాయను మళ్ళీ దించి ఎవరూ వడియాలు పెట్టరు. కప్‌కేక్ ఈ గీతను చెరిపేసింది. వాకిట్లో ముఖాన్ని తెచ్చి నోటికి అందించింది.

ఇది అక్కడా మొదటి నుంచీ ఇలా లేదు. మధ్యయుగాల ఇంగ్లండులో నవంబరు మొదట్లో ఆత్మల రొట్టెలు కాల్చేవాళ్ళు. మసాలా వేసిన చిన్న గుండ్రటి రొట్టెలు, పైన మహా అయితే ఒక సిలువ గుర్తు. పేదలు, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి వాటిని అడుక్కుని, బదులుగా ఆ ఇంట్లో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసేవాళ్ళు. తిన్న రొట్టెకొక ఆత్మ ఉత్తరించు స్థలం నుంచి బయటపడుతుందని నమ్మకం. ఇక్కడికొస్తే చుట్టరికం స్పష్టంగా కనిపిస్తుంది. చనిపోయినవాళ్ళు తినలేరు కాబట్టి వాళ్ళ తరఫున తినడానికి ఇంకో నోరు కావాలి. ఇంగ్లండులో ఆ నోరు బిచ్చమడిగే పిల్లవాడిది, సీమలో కాకిది. అలాగే రెండుచోట్లా ఈ ఏర్పాటును తిట్టినవాళ్ళూ ఉన్నారు. కాకుల పంక్తిని వేమన ఎంత ఘాటుగా దులిపాడో సీమలో చదువు రానివాళ్ళకూ తెలుసు. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు మతసంస్కర్తలు ఉత్తరించు స్థలమే లేదన్నారు. రెండు తిట్లకూ ఫలితం ఒకటే. నమ్మకం సన్నగిల్లినా వంట మానలేదు.

ముసుగులు తొడుక్కుని మిఠాయి అడిగే నేటి అమెరికా పిల్లలు ఆ రొట్టెల పిల్లల వారసులేనని చాలామంది చెబుతారు. ఆ లెక్కన దయ్యం కప్‌కేక్ తినే పిల్లవాడు మన కాకి బంతిలో కూర్చున్నవాడే. కాకపోతే ఎవరి తరఫున తింటున్నాడో వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇంకో విచిత్రం. హాలోవీన్ అంటే ఒంటరి రోజు కాదు. అక్టోబరు 31 రాత్రి, నవంబరు 1న సకల పునీతుల పండుగ, 2న సకల ఆత్మల స్మరణ, మూడూ ఒక వరుస. కర్నూలు మేత్రాసనం 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. అంతకు చాలా ముందే మిషనరీలతో మూడో రోజు సీమకు వచ్చేసింది. సమాధుల పండుగ అని దానికి పేరు కూడా కుదిరింది. సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే ఆ సాయంత్రాన్ని క్రైస్తవేతరులూ ఎరుగుదురు. పండుగ ఏడుపు కొస ముందు చేరింది. ఆటల కొస మాత్రం ఫోన్లలో వీడియోలు చూసే తరం వచ్చేదాకా ఆగింది.

సమాధి రాయి గుచ్చిన కేకును చూసి మొహం చిట్లించే పెద్దవాళ్ళను ఒకమాట అడగాలనిపిస్తుంది. సమాధి దగ్గర తీపి తినడం మనకెప్పుడు కొత్త? రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం కర్నూలు జిల్లాలోనే ఉంది. అక్కడి పరిమళ ప్రసాదం పొట్లాలు తెచ్చి ఊరంతా పంచుతాం. కడప పెద్ద దర్గాలో పీర్ల సమాధులకు చదివించిన తీపిని ఏ మతంవాళ్ళైనా కళ్ళకద్దుకుంటారు. బ్రహ్మంగారి మఠంలో జనం మొక్కేది సజీవ సమాధికే. అమెరికా కేకుకు సమాధి భయం పుట్టించే వస్తువైతే, సీమకు అది భయం పోగొట్టుకోవడానికి వెళ్ళే చోటు. బిస్కెట్ సమాధి ఇక్కడ వెలవెలబోవడానికి కారణం అపచారం కాదు, అది ఎవరినీ భయపెట్టదు, అంతే.

భయం సంగతే తీసుకుంటే, అహోబిలంలో హిరణ్యకశిపుడి పేగులు చీల్చే నరసింహుణ్ణి చిన్నప్పుడే అమ్మ చంకనెక్కి చూసిన పిల్లకు క్రీము దయ్యం ఒక లెక్కా? (2022లో అహోబిలం నంద్యాల జిల్లాలోకి పోయింది కానీ, కర్నూలువాళ్ళకు అది ఇంకా తమదే.) హాలోవీన్ కేకు భయాన్ని గుప్పెడంత చేసి, తీపి పూసి, చేతికిస్తుంది. సీమ శిల్పం భయాన్ని మనిషికన్నా పెద్దది చేసి దండం పెట్టమంటుంది. నాకు రెండూ కావాలి. మొదటిదాన్ని చూసి పిల్లలు నవ్వుతారు, రెండోదాన్ని చూసి నోరు మూసుకుంటారు. పిల్లలకు రెండూ అవసరమే.

పనితనంలో పోటీ మరీ ముచ్చటగా ఉంటుంది. బేకింగ్ వీడియోల్లో చూపించే నెత్తురు, ఎర్ర రంగు కలిపిన చక్కెర పాకం. దిష్టి తీసే పళ్ళెంలో ఎర్రనీళ్ళు, పసుపులో సున్నం కలిపిన నీళ్ళు. సున్నం క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. నెత్తురు చిందకుండా నెత్తురు చూపించడం రెండు వంటిళ్ళూ విడివిడిగా నేర్చుకున్న విద్య. అలాగే నలుపు. కేకు మీద నల్ల క్రీము కావాలంటే ముందు కోకో పొడితో ముదురు గోధుమ రంగుకు తెచ్చి, తర్వాతే నల్లరంగు కలపాలి. లేకపోతే రంగు మోతాదు పెరిగి నాలుక చేదెక్కుతుంది, పళ్ళు నల్లబడతాయి. మన నలుపు కాటుక. పసిబిడ్డ బుగ్గమీద అమ్మ పెట్టే దిష్టిచుక్క అందాన్ని కావాలని కొంచెం చెడగొట్టడమే. చక్కటి కేకుకు వంకర కన్ను పెట్టడం కూడా అలాంటి పనే.

అందుకే అచ్చుపోసినట్టున్న ఫాండెంట్ దయ్యాలంటే నాకు పెద్దగా గౌరవం లేదు. ఫ్లెక్స్ మీద అచ్చేసిన దిష్టిబొమ్మ ముఖమన్నా లేదు. లారీ పెయింటరు కుంచెతో ఒక కన్ను పెద్దగా, ఒక కన్ను చిన్నగా రాసిన రాక్షసుడు ఇంటిని కాపాడతాడంటే నమ్మబుద్ధవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల వంకరగా పిండిన దయ్యం కూడా ఆ రాక్షసుడి చెల్లెలే.

సీమ ఎండ మాత్రం ఎవరి పక్షమూ కాదు. వెన్న కరిగేది 32 నుంచి 35 డిగ్రీల మధ్య, అక్టోబరులో కర్నూలు పగటివేడి కూడా ఇంచుమించు అంతే. వెన్న, చక్కెర గిలక్కొట్టి చేసిన అమెరికా క్రీము ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికే జారి, దయ్యం కాస్తా పెరుగన్నమవుతుంది. ఇక్కడి బేకరీలు వనస్పతి కొవ్వుతో చేసిన విప్పింగ్ క్రీము వాడేది అందుకే. రుచి తగ్గినా నిలబడుతుంది. అదే గుడ్డు తెల్లసొనతో చేసే దయ్యాలకు మన పొడిగాలి వరం. సొనను చక్కెరతో నురగొచ్చేదాకా గిలక్కొట్టి, వంద డిగ్రీల లోపు గంటన్నర ఆరబెడితే పెళపెళలాడే దయ్యాలు తయారవుతాయి. విశాఖ ఉప్పుగాలిలో అవి సాయంత్రానికి జిగురెక్కుతాయి. కడపలో వాన లేని రోజైతే డబ్బాలో వేసి రోజులు దాచుకోవచ్చు. నిప్పట్లు, కజ్జికాయలు నిలవుంచిన గాలే ఇదీ.

2024లో పెద్దల అమావాస్య అక్టోబరు 2న వచ్చింది. అదే నెల 31న హాలోవీన్, దీపావళి ఒకేరోజు పడ్డాయి. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళ గడపల్లో ఆ రాత్రి ప్రమిదలూ గుమ్మడి దీపాలూ పక్కపక్కనే వెలిగాయి. కానీ తలుపు తట్టిన పిల్లల సంచుల్లో ఇంట్లో చేసిన కజ్జికాయ వేయడానికి లేదు, ఇంట్లో చేసిన కప్‌కేకూ వేయడానికి లేదు. మిఠాయిల్లో విషం కలుపుతారనే భయం అక్కడ 1970ల నుంచి బలపడింది. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లవాడు విషం కలిసిన మిఠాయి తిని చనిపోయాడు. తీరా చూస్తే కలిపింది బయటివాళ్ళెవరూ కాదు, కన్నతండ్రే. అయినా భయం మాత్రం అపరిచితుల మీదే నిలిచింది. ఫ్యాక్టరీలో సీలు వేసిన చాక్లెట్ మాత్రమే గడప దాటుతుంది. ఆత్మల రొట్టె ఒకప్పుడు దారినపోయేవాళ్ళది, దాని మనవరాలైన కప్‌కేక్ ఇంటివాళ్ళకూ స్నేహితులకే పరిమితమైంది. విచిత్రంగా ఇక్కడ అది మన పక్కకు జరిగింది. పెద్దలకు పెట్టిన అన్నం కూడా అయినవాళ్ళే తినాలని, పరాయి ఇంటి శ్రాద్ధ భోజనం ముట్టకూడదని చాలా కులాల్లో కట్టుబాటు. అక్కడ గడప మూసింది విషభయమైతే, ఇక్కడ గోత్రం.

కర్నూలు అపార్టుమెంట్లలో దయ్యం కేకులకు ఇంకా ఏ కట్టుబాటూ పుట్టలేదు. పిల్లలు చేసినవి పళ్ళెంలో పక్కింటికి వెళ్తాయి. పక్కింటి పెద్దమ్మ విషం గురించి అడగదు, దయ్యం గురించీ అడగదు. "దీంట్లో గుడ్డు ఏసినారా మ్మా?" అంటుంది. పెరుగు, వంటసోడాతో పొంగించినదైతే దయ్యం తల అక్కడికక్కడే ఎగిరిపోతుంది.