ఊదితే వంగని స్వరం

పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో నాదస్వరం విని పెరిగిన పల్నాటి చెవికి మౌత్ ఆర్గాన్‌ ఎక్కడో వెలితిగా వినిపిస్తుంది. వరస తప్పదు, కానీ జారు ఉండదు. ఆ చెవిని తీర్చిదిద్దినవాళ్లు సామాన్యులు కారు మరి. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో కరవదిలో పుట్టినా, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర సాధన చేశారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. నాదస్వరంలో వేళ్లకు ఉన్నవి ఏడే రంధ్రాలు. మధ్య స్వరాలన్నీ సగం మూసిన వేలూ, పీకను (రీడును) నొక్కిపట్టిన పెదవీ, ఊపిరి జోరూ కలిసి పుట్టించాల్సిందే.

మౌత్ ఆర్గాన్‌లో పెదవి రీడును తాకనే తాకదు.

అయినా స్వరం వంగుతుంది. మామూలు పది రంధ్రాల వాయిద్యంలో ఒక్కో రంధ్రానికి రెండు రీడులు: ఊదితే ఒకటి, పీలిస్తే ఒకటి. కింది రంధ్రాల్లో నాలుక వెనక్కి లాగి పీలిస్తే రెండు రీడులూ కలిసి స్వరాన్ని కిందికి దించుతాయి. అమెరికా బ్లూస్ వాద్యకారులు బతికిందే ఈ వంపు మీద. అదే రంధ్రంలో ఊదే స్వరం మాత్రం మొండికేస్తుంది.

ఇక్కడే వాల్వు పనికొస్తుంది. అది సన్నని ప్లాస్టిక్ పట్టీ, ఒక కొస మాత్రమే అతికి ఉంటుంది. కింది ఆరు రంధ్రాల్లో పీల్చే రీడు గాడికి దాన్ని అతికిస్తారు. ఊదగానే పట్టీ గాడిని మూసేస్తుంది; గాలి పక్కదారి పట్టదు, ఊదే రీడు ఒంటరిగా కాస్త వంగుతుంది. పీల్చగానే పట్టీ లేస్తుంది, పాత వంపులు ఎక్కడికీ పోవు. దీన్నే హాఫ్ వాల్వింగ్ అంటారు. మీట నొక్కి అరస్వరాలు పలికించే క్రోమాటిక్ మౌత్ ఆర్గాన్‌లో దాదాపు ప్రతి రంధ్రానికీ రెండు వైపులా వాల్వులే. అందులో నాదం నిండుగా, తక్కువ ఊపిరితో వస్తుంది కానీ రెండు రీడుల జోడు వంపు పోతుంది. మన పాటలకు సగం వాల్వుల వాయిద్యమే నయం. బిగ్గరగా పలకడం కన్నా జారు ముఖ్యం కదా!

అలాగని అది నాదస్వరం అయిపోదు. ఒంటరి రీడు వంపు చిన్నది, తొందరపడితే స్వరం గొంతులోనే ఆగిపోతుంది. పైగా తడి. చల్లటి లోహం మీద ఊపిరి చెమ్మగా మారి పట్టీలు అంటుకుంటాయి, జుయ్యిమంటాయి. నరసరావుపేట ఎండలో ఈ బాధ తక్కువే. ఏసీ హాల్లో కచేరీ అంటే మాత్రం ముందుగా వాయిద్యాన్ని అరచేతుల్లో వెచ్చబెట్టుకోవాల్సిందే.