కావాల్సిన టైమ్

కేటీ లెడెకీ గురించి ఎవరు రాసినా పతకాల లెక్కతో మొదలుపెడతారు. లెక్క పెద్దదే మరి: నాలుగు ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు, మొత్తం 14 పతకాలు. ఆ లెక్క నేర్పేది మాత్రం ఏమీ లేదు. ఆమె పనితనం ఎలా తయారైందో చూడాలంటే 2003 వేసవికి వెళ్లాలి. అప్పటికామెకు ఆరేళ్లు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు దగ్గరలో, మేరీలాండ్ రాష్ట్రంలో, పోటోమాక్ నది పక్కన కాబిన్ జాన్ అనే చిన్న ఊరుంది. అక్కడి పాలిసేడ్స్ క్లబ్‌లో అన్న మైఖేల్‌తో కలిసి ఈతకు చేరింది. మొదటి పోటీ 25 మీటర్ల ఫ్రీస్టైల్. మధ్యలో ఆగింది, లేన్ తాడు పట్టుకుంది, మళ్లీ కదిలింది. ఆ వేసవికి ఆమె పెట్టుకున్న లక్ష్యం కూడా అంతే చిన్నది. ఆగకుండా అవతలి గోడ ముట్టుకోవాలి.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 2012లో, ఆ పిల్ల లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది. అమెరికా జట్టులో అందరికన్నా చిన్నది, పదిహేనేళ్లు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందంటే ‘ప్రతిభ’ అనేసి చేతులు దులుపుకోవడం సులువు. ప్రతిభ లేదని నేననను. కానీ ఆరేళ్ల పిల్ల ప్రతి వారం ఇష్టంగా మళ్లీ నీళ్లలోకి దిగాలంటే ప్రతిభ చాలదు. దిగడానికి తనదంటూ ఒక కారణం ఉండాలి. ఆ కారణం పిల్ల చేతికి అందేలా ఒక వేసవి లీగ్‌ను ఎంత ఒడుపుగా కట్టారో చూస్తే ముచ్చటేస్తుంది.

పాలిసేడ్స్ ఆడేది మాంట్‌గోమరీ కౌంటీ స్విమ్ లీగ్‌లో. 1958 నుంచి నడుస్తున్న లీగ్ అది. దాదాపు 90 క్లబ్బులున్నాయి, అన్నీ కాలనీల్లో ఉండే కొలనులే. మే నెలాఖరులో కొలనులు తెరుస్తారు, జూన్ మధ్యలో పోటీలు మొదలై జూలై చివరికల్లా ముగిసిపోతాయి. ఎనిమిదేళ్ల వరకు, తొమ్మిది-పది, పదకొండు-పన్నెండు, పదమూడు-పద్నాలుగు, పదిహేను నుంచి పద్దెనిమిది అని వయసు వర్గాలు. శనివారం ఉదయం ఎ-మీట్. రెండు క్లబ్బులు తలపడతాయి, పాయింట్లు పడతాయి, ఒక్కో క్లబ్ తరఫున ఈదేది వేగంగా ఈదేవాళ్లే. బుధవారం సాయంత్రం బి-మీట్. దీంట్లో పాయింట్లు లేవు, గెలుపోటముల పట్టిక లేదు, ఎవరైనా ఈదొచ్చు.

నా దృష్టిలో ఈ మొత్తం ఏర్పాటులో మెచ్చుకోవలసింది బి-మీట్‌నే. ఎ-మీట్ లాంటిది ఏ దేశంలోనైనా ఉంటుంది. జట్టులోకి ఎంపిక కాని పిల్ల కోసం కూడా రిఫరీని, స్టార్టర్‌ని, టైమ్ తీసేవాళ్లని పూర్తి సరంజామాతో నిలబెట్టడం అరుదు. అందరికన్నా నిదానంగా ఈదే పిల్లకూ అదే మర్యాద దక్కుతుంది: బల్ల మీద నిలబెట్టి, నిశ్శబ్దం చేయించి, బీప్ కొట్టించి, టైమ్ రాసిస్తారు. ఆ టైమ్‌ను పోల్చేది పక్క లేన్ పిల్ల టైమ్‌తో కాదు, తన పోయిన వారం టైమ్‌తోనే.

ఆ టైమ్ తీసే పద్ధతి దగ్గరుండి చూడదగ్గది. లేన్‌కు ముగ్గురు నిలబడతారు. ముగ్గురూ ఎవరో ఒకరి అమ్మో నాన్నో, చేతిలో స్టాప్‌వాచ్. స్టార్టర్ యంత్రం బీప్ కొడుతుంది, అదే క్షణంలో దాని మీదున్న దీపం వెలుగుతుంది. నొక్కాల్సింది చప్పుడు విని కాదు, వెలుగు చూసి. ఎందుకంటే కొలను అవతలి చివర ఉన్నవాడికి చప్పుడు వెలుగుకన్నా ఆలస్యంగా చేరుతుంది. పిల్ల దగ్గరికి వస్తోందంటే ముగ్గురూ గోడ అంచుకు వచ్చి, వంగి, నిట్టనిలువుగా కిందికి చూస్తారు. పక్కనుంచి చూస్తే చేయి తగలకముందే తగిలినట్టు అనిపిస్తుంది. నీళ్లు మీద పడి బట్టలు తడుస్తాయి, ఎవరూ పట్టించుకోరు. మూడు వాచీలు మూడు టైమ్‌లు చూపిస్తే సగటు కట్టరు. పెద్దది తీసేస్తారు, చిన్నది తీసేస్తారు, మధ్యది రాస్తారు. ఒకరి వేలు తడబడినా పిల్లకు అన్యాయం జరగకుండా ఎంత తేలికైన ఉపాయం! ఏడేళ్ల పిల్ల ఈదిన 25 మీటర్లను సెకనులో వందో వంతు వరకు లెక్కగట్టి రాయడం కొందరికి అతి అనిపించొచ్చు. నాకు మాత్రం అది ఆ పిల్ల శ్రమకు ఇచ్చే గౌరవంగా కనిపిస్తుంది.

నిబంధనల్లో జాలి ఉండదు. బటర్‌ఫ్లైలో, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒక్కసారే గోడను తాకాలి. ఒక చేయి ముందు తాకితే అనర్హత. బ్యాక్‌స్ట్రోక్‌లో ముగింపు గోడ ముట్టుకోకముందే బోర్లా తిరిగితే అనర్హత. ఎనిమిదేళ్ల పిల్లకైనా ఇదే రూలు. మొదటిసారి అనర్హత పడ్డ పిల్ల ఏడుస్తుంది, పక్కనున్న అమ్మకు ప్రాణం ఉసూరుమంటుంది. అయినా రూలు సడలించరు, సడలించకపోవడమే మంచిదంటాను. ఉదారంగా రాసిచ్చిన టైమ్ వచ్చే వారం పోల్చుకోవడానికి పనికిరాదు.

ఈ లీగ్‌లలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ముందురోజు రాత్రి విందులు, జుట్టుకు రంగులు, గొంతు పగిలేలా అరుపులు, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ రిబ్బన్లు. ఏడాది పొడవునా పెద్ద క్లబ్బుల్లో శిక్షణ తీసుకునే పిల్లలు వేసవిలో వచ్చి ఎ-మీట్‌లు ఊడ్చుకుపోవడం మరొకటి. పిల్లలకు ఆ అరుపులే ఇష్టమేమో, నేనేం చెప్పలేను. కానీ సీజన్ ముగిశాక పిల్ల మనసులో మిగిలేది అరుపులు కావు, కాగితం మీది టైమే.

లెడెకీ పట్టుకున్నది సరిగ్గా దాన్నే. చిన్నప్పటి నుంచి ఆమె తను చేరాలనుకున్న టైమ్‌లు కాగితం మీద రాసుకునేది. వాటికి ఆమె పెట్టుకున్న పేరు ‘వాంట్ టైమ్స్’, అంటే తనకు కావాల్సిన టైమ్‌లు. ఫలానా అమ్మాయిని ఓడించాలని కాదు, ఫలానా అంకె కావాలని. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ దూరం ఈదేవాళ్లకు ఇదే ప్రాణం. ప్రత్యర్థి మీద పెట్టుకున్న కసి ప్రత్యర్థి వెనకబడగానే చల్లారిపోతుంది. లెడెకీ జీవితంలో ఎక్కువ భాగం పక్కన ఎవరూ లేకుండానే ఈదింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల ఫైనల్‌లో రెండో స్థానంలో వచ్చిన జాజ్ కార్లిన్‌కూ ఆమెకూ మధ్య 11.38 సెకన్లు తేడా. అంత ఎడం ఉన్నప్పుడు వెనక్కి చూసుకుని ఈదేవాళ్లు నెమ్మదిస్తారు. ఆమె నెమ్మదించలేదు, పైగా ప్రపంచ రికార్డు కొట్టింది.

దాని వెనక ఒక అంకె ఉంది: 565. 2013లో బార్సిలోనా ప్రపంచ పోటీల తర్వాత ఆమె, కోచ్ బ్రూస్ జెమెల్ కలిసి రియోకు రెండు లక్ష్యాలు పెట్టుకున్నారు. 400 మీటర్లు 3 నిమిషాల 56 సెకన్లలో, 800 మీటర్లు 8 నిమిషాల 5 సెకన్లలో, లేదా అంతకన్నా తక్కువలో. 56, 5 కలిపితే 565. ఈ అంకెను ఆమె తన పుల్ బాయ్ మీద రాసుకుంది. ప్రాక్టీసులో తొడల మధ్య పెట్టుకునే తేలికపాటి ముక్క అది. రోజూ చేతిలోకి వస్తుంది, రోజూ అంకె కనిపిస్తుంది. చూసే బయటివాళ్లకు అదేమిటో తెలియదు. అప్పటికి 400 మీటర్ల ప్రపంచ రికార్డు ఇటలీకి చెందిన ఫెడెరికా పెల్లెగ్రీనిది, 3:59.15. 800 మీటర్ల రికార్డు లెడెకీదే, 8:13.86. అంటే ఒకదాంట్లో రికార్డుకన్నా మూడు సెకన్లు, మరొకదాంట్లో దాదాపు తొమ్మిది సెకన్లు తగ్గాలని రాసుకున్నారన్నమాట. పైకి చెబితే నవ్వేవాళ్లు. 2016లో రియోలో ఆమె ఈదిన టైమ్‌లు చూడండి: 3:56.46, 8:04.79. మూడేళ్ల ముందు రాసుకున్న అంకె సరిగ్గా దిగింది.

జెమెల్ ఇంజినీరింగ్ చదివినవాడు. కొలత మీద అతనికున్న నమ్మకం, ఆమెకున్న మొండితనం బాగా కుదిరాయి. ప్రాక్టీసులో ఆమె ఓడిపోయే తీరు గురించి అతను తరచూ చెప్పేవాడు. పోటీలో కావాల్సిన వేగాన్ని మొదటి నుంచే పట్టుకుని, మధ్యలో ఊపిరి అందక పూర్తిగా కూలబడేదట. మర్నాడు మళ్లీ అదే వేగంతో మొదలుపెట్టేదట. మన దగ్గర మంచి విద్యార్థి అంటే ప్రాక్టీసులో తప్పు చేయనివాడని లెక్క. ఆమె లెక్క వేరు. తప్పు ఎక్కడ జరుగుతుందో తెలిసేదాకా వెళ్లి, అక్కడే పని మొదలుపెట్టడం ఆమె తీరు.

ఇక ఆమె ఈత. పైనుంచి చూస్తే రెండు చేతులూ సమానంగా పడవు. కుడివైపు ఊపిరి తీసుకునేటప్పుడు ముందుకు చాచిన ఎడమ చేతి మీద ఒంటిని లిప్తపాటు ఎక్కువ ఆన్చి ఉంచుతుంది, తర్వాత రెండో బార తొందరగా పడుతుంది. దీన్ని గుర్రపు దౌడు ఈత అంటారు. మైకేల్ ఫెల్ప్స్ ఈదే తీరు ఇదే. లండన్‌కు ముందు ఆమె కోచ్ యూరి సుగియామా దీన్ని ఆమెకు అలవాటు చేశాడు. 200 మీటర్లు ఈదే మగవాళ్ల పద్ధతి ఇది. దీన్ని 800 దాకా, 1500 దాకా లాగాలంటే ఒళ్లు మధ్యలో ఎక్కడా వంగకూడదు, తల ఊగకూడదు. తల ఊగదనడానికి రుజువు 2020 ఆగస్టులో అందరూ చూశారు. నెత్తిన చాక్లెట్ పాల గ్లాసు పెట్టుకుని, నోట్లో స్నార్కెల్ అనే ఊపిరి గొట్టం పెట్టుకుని, కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఈదింది. చుక్క ఒలకలేదు. తలమీద బిందె, చంకన బిందె పెట్టుకుని చెరువుగట్టు దిగివచ్చే మన ఆడవాళ్ల నడకలో ఉండే నిలకడే ఆమె ఈతలోనూ ఉంది. చేతులు ఎంత వేగంగా పడినా తల మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ నిలకడ టైమ్‌లోనూ కనిపిస్తుంది. రియోలో 800 మీటర్లు అంటే 16 సార్లు 50 మీటర్లు. మొత్తం టైమ్‌ను పదహారుతో భాగిస్తే ఒక్కో 50కి 30.3 సెకన్లు. ఆ వేగాన్ని పదహారు సార్లు నిలబెట్టడం ఎంత కష్టమో తెలియాలంటే మీకు తెలిసిన మంచి ఈతగాడిని ఒక్కసారి 50 మీటర్లు 30 సెకన్లలో ఈదమనండి.

రియోలో కొట్టిన ఆ 800 మీటర్ల రికార్డు దాదాపు తొమ్మిదేళ్లు నిలిచింది. 2025 మేలో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో, 28 ఏళ్ల వయసులో, దాన్ని మళ్లీ తనే కొట్టింది: 8:04.12. తొమ్మిదేళ్లకు తగ్గింది 67 శతాంశాలు, సెకను కూడా కాదు. ఆ నడుమ ఎన్ని వందల పోటీలు, ఎన్ని పొద్దున్నలు! బయటినుంచి ఎవరో ఇచ్చే ప్రోత్సాహంతో అంత కాలం నిలబడటం ఎవరి తరం కాదు. అదే ఏడాది సింగపూర్‌లో 800 మీటర్ల ప్రపంచ టైటిల్ ఏడోసారి గెలిచింది.

ఇప్పుడు మన వేసవి. పల్లెల్లో ఒకప్పుడు మునగబెండ్లో, ఎండిన సొరబుర్రో నడుముకు కట్టి బావిలోకి దించేవారు. బెండు విప్పి బావి అడ్డంగా ఈదితే ఈత వచ్చినట్టు. పరీక్ష చిన్నదే, కానీ పిల్లకు తెలుసు, తను దాటింది. ఇప్పుడు నగరాల్లో ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపులు కిటకిటలాడతాయి. రుసుము కడతాం, నెలరోజులు పంపుతాం, ఫొటో తీస్తాం. జూన్ రాగానే బడి, ఆ పైన ట్యూషన్, అక్కడితో ఈత ఆగిపోతుంది. మన పిల్లల్లో దమ్ము లేదనుకోవడం పొరపాటు. హైదరాబాద్ అమ్మాయి వృత్తి అగర్వాల్ జాతీయ పోటీల్లో దూరపు ఫ్రీస్టైల్‌లో తెలంగాణకు పతకాలు తెచ్చింది. మేరీలాండ్‌లో, వర్జీనియాలో తెలుగు పిల్లలు ఇలాంటి వేసవి లీగ్‌లలోనే ఈదుతున్నారు, వాళ్ల నాన్నలు లేన్ చివర స్టాప్‌వాచ్‌లు పట్టుకుని తడుస్తున్నారు. అక్కడ ఉన్నదీ మన క్యాంపుల్లో లేనిదీ ఆ కాగితమే. ముప్పై రోజులు నీళ్లలో ఉన్న పిల్లకు తన టైమ్ ఎంతో తెలియదు. పోయిన వారంకన్నా ఎంత తగ్గిందో తెలియదు. తెలియనప్పుడు ఇంకా తగ్గించాలని ఎందుకనిపిస్తుంది?

ఈ వేసవిలో మీ పిల్లల్ని ఈతకు పంపుతుంటే కోచ్ గారిని ఒక్క సాయం అడగండి. ప్రతి ఆదివారం ఉదయం గంటసేపు, లేన్‌కు ముగ్గురు తల్లిదండ్రులను నిలబెట్టనివ్వమనండి. స్టాప్‌వాచ్ అందరి ఫోన్లలోనూ ఉంది. మధ్య టైమ్ తీసి, తేదీ వేసి, పిల్ల నోట్‌బుక్‌లో పిల్ల చేతనే రాయించండి. పక్కనే వచ్చే ఆదివారానికి కావాల్సిన టైమ్ కూడా తననే రాసుకోనివ్వండి, మీరు చెప్పకండి.