పప్పులో కాలు

ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద పరుగయ్యాక ఒళ్లు సాగదీసుకుంటుంటే ఎవరో ఒకరు అడుగుతారు: “కనీసం గుడ్డయినా తినరా సార్?” నాలుగేళ్లుగా నాది ఒకటే జవాబు: “రెండు పూటలా పప్పు తింటాగా!”

సరిగ్గా అక్కడే పప్పులో కాలేశాను.

కిందటేడు హాఫ్ మారథాన్‌కి సాధన చేస్తుంటే రెండంతస్తుల మెట్లెక్కడానికే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే ఫెర్రిటిన్, అంటే ఒంట్లో దాచిన ఐరన్ నిల్వ, అడుగంటింది. బి12 కూడా అంతంతమాత్రమే.

అప్పుడు తక్కెడ తీశాను. వంద గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ సుమారు 22 గ్రాములు. మా నలుగురికీ రెండు పూటలకి కలిపి కుక్కర్లో పడేది ఆ వంద గ్రాములే. మిగతాదంతా టమాటా, నీళ్లు, ఇంగువ ఘుమఘుమ. నా వాటాకొచ్చేది ఐదారు గ్రాములు. దూరాలు పరుగెత్తేవాళ్లకి కిలో బరువుకి 1.2 గ్రాములైనా ఉండాలంటారు. నా 65 కిలోలకి 78. అన్నం, పెరుగు కొంత పూడ్చినా లోటు లోటే.

ఐరన్ దొంగ మాత్రం టీ. పరుగవగానే ఒకటి, టిఫిన్‌తో ఇంకొకటి. మొక్కల్లోని ఐరన్ అసలే ఒంటికి ఓ పట్టాన పట్టదు. టీలోని టానిన్లు ఆ కాస్తా పట్టనివ్వవు. సి విటమిన్ దీనికి విరుగుడు.

ఇప్పుడు రాత్రే పొట్టుపెసలు నానేస్తున్నాను. పరుగు నుంచి రాగానే రెండు పెసరట్లు, పల్లీ చట్నీ, పక్కన జామకాయ. టీ గంటన్నర తర్వాతే. (ఆ గంటన్నర ముందు 21 కిలోమీటర్లు ఏపాటి!) మధ్యాహ్నం పప్పు గరిటె నిలబడేంత ముద్దగా ఉండాలి. పెద్ద పరుగు ముందురాత్రి మాత్రం పప్పూ ఆకుకూరా బంద్. పెరుగన్నం తిని పడుకుంటే దారిలో కడుపు గొడవ చెయ్యదు.

బి12 మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగుల్లో కొంత ఉంటుంది, అది నాకు చాలలేదు. డాక్టరు మాత్ర రాశారు, వేసుకుంటున్నాను. ఇందులో నామోషీ ఏముంది?

గుడ్డు సంగతంటారా, అమెరికాలో స్కాట్ జురెక్ పాలు కూడా ముట్టడు. వంద మైళ్ల వెస్టర్న్ స్టేట్స్ పరుగు 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు గెలిచాడు.

కొత్తగా పరుగు మొదలెట్టే శాకాహారులకి ఒక్క మాట. బూట్లు కొనేముందు ఫెర్రిటిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. ఐరన్ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా మింగకండి.